మూడో పిలుపు

జర్మనీలో బ్యోబ్లింగెన్ ఊరు దాటాక అడవిలోకి పోయే రోడ్డు మీద, రెండో మలుపులో, ఒక కంకర పార్కింగ్ ఉంది. అడవిలో నడవడానికి వచ్చేవాళ్ళు కార్లు ఆపుకునే చోటు. దారుల పటం గీసిన ఒక చెక్కబోర్డు, ఒక చెత్తడబ్బా, చుట్టూ ఎత్తుగా చెట్లు. పగలు చూస్తే భయపడాల్సిందేమీ ఉండదు.

చీకటి పడ్డాక మాత్రం... అక్కడ ఎవరు పిలిచినా పలకకూడదు.

ఈ మాట చుట్టుపక్కల తెలుగు పిల్లలందరికీ తెలుసు. గోడౌన్లో పార్సిళ్ళు సర్దే పనికి పోయే పిల్లలు షిఫ్టు దిగి బస్సు అందుకోవాలంటే ఆ పార్కింగ్‌లోంచే అడ్డదారి. ఎప్పుడో ఆ మలుపులో ఒకావిడని కారు గుద్దేసి పోయిందట. రాత్రంతా సాయం కోసం పిలిచిందట — ఒక్కరూ ఆగలేదట. అందుకని ఇప్పుడు దారిన పోయేవాళ్ళని పేరు పెట్టి పిలుస్తుంది. గొంతు ఎటునుంచి వస్తోందో తెలియదు. ఒకసారి పిలుస్తుంది... కాసేపాగి రెండోసారి పిలుస్తుంది... మూడోసారి మాత్రం పిలవదు. మూడోసారి కూడా పిలిస్తే మనిషే, పలకొచ్చు. పిలవలేదా — అది ఆవిడే. మూడో పిలుపులోపు పలికావంటే ఇంటిదాకా వెంట వస్తుంది.

జర్మన్ దెయ్యానికి మన పేర్లెలా తెలుసురా అని ఎవరో అడిగితే, "చచ్చాక వీసాలేంటి, భాషలేంటి అక్కా" అన్నాడొక అల్లరివాడు. అందరం నవ్వాం. అయినా పిల్లలు ఆ దారిన ఒంటరిగా పోవడం మానేశారు. ఇక్కడ చలికాలంలో నాలుగున్నరకే చీకటి పడిపోతుంది, కాబట్టి దెయ్యానికి పని గంటలు ఎక్కువే.

నా పేరు దేవకుమారి. మాది నరసాపురం. మా ఆయన ఎలియాస్ పక్క ఊరు జిండెల్ఫింగెన్‌లో ఇంజినీరు. బ్లూకార్డు అనే ఉద్యోగ వీసా మీద వచ్చి తొమ్మిదేళ్ళయింది. మేం వచ్చిన కొత్తలో బస్సులో తెలుగు వినిపిస్తే వెనక్కి తిరిగి చూసేవాళ్ళం. ఇప్పుడు బస్సు సగం తెలుగే. ఆదివారం ఆరాధన అయ్యాక మా ఇంట్లో పదిమందికి భోజనం ఉంటుంది. హిందువుల పిల్లలూ వస్తారు — ప్రార్థనకి కాదులెండి, పప్పుచారుకి.

అలా వచ్చినవాళ్ళే విక్రాంత్, గోవిందరాజులు. విక్రాంత్‌ది జగిత్యాల వైపు. ఇక్కడే మాస్టర్స్ చదువుతూ గోడౌన్లో పని చేసుకుంటున్నాడు. గోవిందరాజులుది చిత్తూరు దగ్గర పల్లె. తాతగారి పేరు పెట్టారు. ఆఫీసుల్లో జర్మన్ వాళ్ళు ఆ పేరు దగ్గరికొచ్చేసరికి ఒకసారి దగ్గి, "మీరే... రండి" అనేవారట. బ్రెమెన్‌లో చదువు ముగించి, ఉద్యోగం కోసం కార్ల కంపెనీలున్న మా వైపు వచ్చాడు. వాడు వచ్చేసరికి కంపెనీలు కొత్తవాళ్ళని తీసుకోవడం మానేశాయి. వాడి రాత అలా ఉంది.

ఉన్న గది కూడా పోయింది. విక్రాంత్ హాస్టల్ గదిలో నేలమీద పడుకునేవాడు. హాస్టల్లో రెండో మనిషి పేరు రాయరు. ఈ దేశంలో ఉంటున్న ఇంటి అడ్రస్ ఊరి ఆఫీసులో రాయించుకోవాలి — అన్‌మెల్డుంగ్ అంటారు. అది లేకపోతే వీసా పొడిగించరు. వీసా లేనివాడికి ఉద్యోగం ఎవడిస్తాడు, ఉద్యోగం లేనివాడికి ఇల్లెవడిస్తాడు. గానుగెద్దులాగా వాడు దాని చుట్టూనే తిరిగాడు. జనవరి ఆఖరుకి వీసా అయిపోతుంది.

నవంబరులో ఒక ఆదివారం, అందరూ వెళ్ళాక, గిన్నెలు కడుగుతుంటే పక్కకొచ్చి నిలబడ్డాడు.

"అక్కా... మీ అడ్రస్‌లో నా పేరు రాయించుకోవచ్చునా? నేను ఈడ ఉండను. కాగితానికే."

"మా ఓనరు ఒప్పుకోడు నాన్నా. చాలా స్ట్రిక్టు" అన్నాను.

సరే అక్కా అని తలూపి, తడి గిన్నెలు తుడిచిపెట్టి వెళ్ళాడు. ఓనరుని నేను అడగనేలేదు. ఎందుకొచ్చిన తలనొప్పి అనుకున్నాను, అంతే. ఈ సంగతి ఇంతవరకూ మా ఆయనకి కూడా చెప్పలేదు.

వారం తిరక్కుండా వాడే ఇంకో దారి వెతుక్కున్నాడు. ఇక్కడికి గంట దూరంలో ఒక క్యాంపింగ్ స్థలం ఉంది. దాన్ని నడిపే ముసలాయన ఏడాది పొడుగునా ఉండేవాళ్ళకి అడ్రస్ కాగితం ఇస్తాడట. ఒక్కటే షరతు — ఉత్త గుడారం పనికిరాదు, కిటికీ, తలుపు, పడకా ఉన్న బండి తెచ్చుకోవాలి. అసలైన క్యాంపర్ బండి కొనే తాహతు వీడికి లేదు. అందుకని సామాన్లు మోసే మూతడబ్బా ట్రైలర్ పాతది ఒకటి కొని, దాన్నే క్యాంపరుగా మార్చుకుంటానన్నాడు. వీడియోలు చూసి పుస్తకం నిండా బొమ్మలు గీసుకున్నాడు. ఇంటికి ఫోన్ చేసి మాత్రం, "స్నేహితులతో ఊర్లు తిరగడానికి" అని చెప్పాడు.

మా కారుకే ట్రైలర్ తగిలించే కొక్కెం ఉంది కాబట్టి మేమూ వెళ్ళాం. అమ్మేవాడు ఒక ముసలి జర్మన్. పాత సామాన్ల సంతలో అంగడి పెట్టేవాడట, మోకాళ్ళు పోయి మానేశాడు. రెండు చక్రాల మీద తెల్లటి ఇనప డబ్బా, మనిషి కాస్త వంగి నిలబడేంత ఎత్తు. నేను వంకాయలు చూసినట్టు నేలంతా నొక్కి చూశాను, ఎక్కడా పుచ్చలేదు.

వెనక తలుపు తాళం ఎప్పుడో విరిగిపోతే, ముసలాయన బయట ఒక ఇనప గడియ బిగించుకున్నాడు. తలుపు గట్టిగా మూసుకుంటే చాలు, గడియ దానంతటదే కొక్కెంలో పడుతుంది. ఆయన మాకు రెండుసార్లు మూసి చూపించాడు — ఠక్, ఠక్. తర్వాత గోవిందరాజులు భుజం పట్టుకుని ఏదో గట్టిగా చెప్పాడు. మా ఆయన తెలుగులో చెప్పాడు.

"లోపల గడియ లేదు. నువ్వు లోపలుంటే తలుపుని తాడుతో వెనక్కి కట్టెయ్యాలట. మర్చిపోవద్దంటున్నాడు."

తాడు కూడా ఆయనే ఇచ్చాడు, నీలం రంగుది. గోవిందరాజులు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టాడు. నేను కళ్ళు మూసుకుని ప్రార్థన చేశాను. ముసలాయన నిమ్మకాయలు నలిగినందుకు బాధపడ్డాడు. ఆ నెలంతా మేం నవ్వింది ఆ ఒక్కరోజే.

ట్రైలర్ పెట్టడానికి చోటు కావాలి కదా. మా అపార్ట్‌మెంట్లో కుదరదు. ఊళ్ళో రోడ్డు పక్కన పెడితే పక్కింటివాళ్ళు పోలీసులకి చెబుతారు. చివరికి ఆ అడవి పార్కింగ్‌లో పెట్టారు. కారు లేకుండా ట్రైలర్ ఒక్కటే రెండు వారాలకి మించి ఒకచోట ఉండకూడదట, అందుకని మా ఆయన పది రోజులకోసారి వెళ్ళి జరిపి వచ్చేవాడు.

"దెయ్యం దగ్గరే దొరికిందిరా నీకు జాగా" అని విక్రాంత్ ఏడిపిస్తే, "అద్దె అడగదు కదా మామా" అన్నాడు వీడు.

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అంటారు. వాడు కట్టింది ఆరడుగుల ఇల్లు, అయినా అంతే అవస్థ. గోడలకి పలకలు కొట్టి, సందుల్లో, డబ్బాలోంచి చిమ్మితే గట్టిపడే నురగ నింపాడు. ఒక రాత్రి చలికి వణికిన భయంతో చీమ దూరే సందు కూడా వదలకుండా మూశాడు. తర్వాత కిటికీ కోయాలి. లోపలి గడియ ఆఖర్న — దానికి కావలసిన ముక్క ఇంకా తెప్పించలేదు. ముందు చలి, తర్వాత వెలుతురు, తర్వాత తలుపు అని పుస్తకంలో రాసుకున్నాడు. ఆ పుస్తకం ఇప్పుడు నా దగ్గరే ఉంది.

ఇక ఆ సాయంత్రం సంగతి. ఇది విక్రాంత్ మా వంటింట్లో కూర్చుని చెప్పింది.

జనవరి మూడో వారం. మంచు పడి గడ్డకట్టింది. వాడు షిఫ్టు దిగేసరికి ఐదు. ఫోను పొద్దునే చలికి ఆగిపోయింది, చేతిలో వెలుగు లేదు. ఆ రోజు గోవిందరాజులు బ్రెమెన్‌లో ఉంటాడని వీడికి తెలుసు — యూనివర్సిటీ నుంచి ఏదో కాగితం కావాలని తెల్లారకముందే బయలుదేరాడు. వెంట ఎవరూ లేకపోయినా, బస్సు తప్పిపోతే గంట ఆగాలని అడ్డదారి పట్టాడు.

కంకర మీద వీడి బూట్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. కర... కర... కర...

బోర్డు దగ్గరికొచ్చేసరికి — ఆగిపోయాడు.

బోర్డు పక్కన తెల్లగా ఏదో ఉంది. మనిషంత ఎత్తు. భుజాలున్నాయి... ఒళ్ళు కిందికి వేలాడుతోంది. తల లేదు. గాలి వీస్తే మెల్లిగా ఇటు తిరిగింది... అటు తిరిగింది.



అప్పుడు వినిపించింది.

"విక్రాంత్..."

ముందునుంచి కాదు. వెనకనుంచీ కాదు. భూమిలోంచి వచ్చినట్టు... నోటికి దిండు అడ్డం పెట్టుకుని పిలిచినట్టు. ఆడగొంతో మగగొంతో కూడా తెలియలేదట.

వీడు ట్రైలర్ వైపు చూశాడు. మంచు వెలుగులో తెలుస్తోంది — తలుపు మూసి ఉంది, బయట గడియ పడి ఉంది. బయట గడియ ఉంటే లోపల ఎవరుంటారు?

గుండె దడదడ కొట్టుకుంటోంది. ఆ దడలో మధ్యమధ్య ఇంకేదో — దబ్... దబ్... — అది కూడా తన గుండే అనుకున్నాడు.

"విక్రాంత్..."

రెండోది మొదటిదానికంటే సన్నగా ఉంది.

వీడు పలకలేదు. అలాగని పారిపోనూ లేదు. "మూడోది పిలిస్తే పలుకుదామని నిలబడ్డా అక్కా. ఒట్టు... శానాసేపు నిలబడ్డా. చెవులు వెట్టి విన్న."

మూడోది రాలేదు.

అప్పుడు ఉరికాడు. బస్సెక్కి నేరుగా మా ఇంటికే వచ్చాడు. తలుపు తీసేసరికి పెదాలు నల్లబడి ఉన్నాయి.

కుర్చీలో కూర్చోబెట్టి టీ ఇచ్చాను. ఫోను తీసుకుని ఛార్జింగ్‌కి పెట్టాను. వాడు చెబుతున్నంతసేపూ కళ్ళు పెద్దవి చేసుకుని విన్నాను గానీ, నాకు లోపల నవ్వొస్తోంది. ఎందుకో తర్వాత చెబుతాను.

"పలకలేదు కదా?" అన్నాను మెల్లిగా.

"లే అక్కా. నా పేరే వెట్టి పిలిచింది. నేను పలకలే."

"మంచి పని చేశావ్ నాన్నా" అన్నాను.

ఆ మాట అన్నది నేనే. ఈ నోటితోనే.

వాడు రెండో కప్పు తాగుతుండగా పొయ్యి పక్కన ఫోను వెలిగింది. ఆగి ఉన్నప్పుడు వచ్చిన మెసేజీలు ఒక్కొక్కటీ వచ్చి పడ్డాయి. వాడు తీసి చూశాడు. కప్పు కింద పెట్టాడు. ఫోను నా వైపు తిప్పాడు.

గోవిందరాజులు దగ్గర్నుంచి, మధ్యాహ్నం రెండింటికి.

"మామా, రైళ్ళు లేవు, సమ్మె. మధ్యాన్నం దాకా స్టేషన్లోనే కాసుకోని ఉంటి. ట్రైలర్ కాడికి పోతాండా. నీ షిఫ్టు అయినాక ఇట్నే రా. ఇద్దరం కలిసి పోదాం."

మా ఆయన అప్పుడే ఆఫీసు నుంచి వచ్చి బూట్లు విప్పుతున్నాడు. మళ్ళీ వేసుకోమన్నాను. ఎందుకని అడగబోయి, నా మొహం చూసి కారు తాళాలు అందుకున్నాడు.

దారిలో విక్రాంత్ గోవిందరాజులుకి ఫోన్ చేస్తూనే ఉన్నాడు. మోగుతోంది. ఎత్తడం లేదు. నేను "ప్రభువా... ప్రభువా..." అంటున్నాను, ఆ తర్వాత ఏమనాలో తోచలేదు.

పార్కింగ్‌లోకి తిరిగేసరికి కారు లైట్లు నేరుగా బోర్డు మీద పడ్డాయి.

తెల్లగా ఉన్నది అక్కడే ఉంది. తల లేదు. భుజాలున్నాయి. దాని గుండె దగ్గర చిన్న వెలుగు వెలిగి ఆరుతోంది... వెలిగి ఆరుతోంది.

కోటు. ఇంటర్వ్యూలకని కొనుక్కున్న ఒకే ఒక్క మంచి కోటు, లాండ్రీవాళ్ళ తెల్ల కవరుతో సహా. స్టేషనుకి వేసుకెళ్ళాడు. నురగ అంటితే వదలదని విప్పి, ట్రైలర్లో ఉంచుకున్న ఆ కవరులోనే పెట్టి బయట తగిలించాడు. జేబులో ఫోను మోగుతోంది. కోటు బోర్డుకి కట్టి ఉన్నది నీలం తాడుతో.

తలుపుని కట్టాల్సిన తాడు.

తలుపుకి నురగ డబ్బాల అట్టపెట్టె అడ్డం పెట్టుకున్నట్టున్నాడు. అది దూరంగా ఎగిరిపోయి మంచులో పడి ఉంది. గాలికి తలుపు కొట్టుకుని ఉంటుంది. ఠక్.

మా ఆయన గడియ ఎత్తాడు. ఒక్క వేలితో లేచింది.

లోపల్నుంచి వెచ్చటి గాలి వచ్చి మొహానికి తగిలింది. నేలమీద చిన్న గ్యాస్ పొయ్యి. చలికి వెలిగించుకున్నాడు. వాడు తలుపుకి ఆనుకునే కూర్చుని ఉన్నాడు కాబట్టి తలుపు తియ్యగానే మా ఆయన చేతుల్లోకి వాలిపోయాడు. పిడికిళ్ళు వాచిపోయి, తోలు లేచిపోయి ఉన్నాయి. కిటికీ కోయాల్సిన చోట గోడ మీద పెన్సిలుతో గీత గీసి ఉంది. రంపం ఇంకా మా ఆయన కారు డిక్కీలోనే ఉంది, మర్నాడు ఇస్తానన్నాడు.

ఆంబులెన్సు వచ్చింది. చాలాసేపు ఏవేవో చేశారు. తర్వాత ఆపేశారు. చలి కాదట, ఊపిరాడక పోయాడట. మూసిన డబ్బాలో పొయ్యి మంట గాలినంతా విషం చేసిందట.

"ఐదింటికే తలుపు తీసుంటే... బతికి ఉండేవాడా?" అని మా ఆయన జర్మన్లో అడిగాడు. విక్రాంత్ అక్కడే ఉన్నాడు. ఆ ప్రశ్న అడగకుండా ఉండాల్సింది.

"ఉండొచ్చు" అంది డాక్టరమ్మ.

గోవిందరాజులు విక్రాంత్‌ని ఎప్పుడూ "మామా" అనే పిలిచేవాడు. ఆ ఒక్కరోజు పేరు పెట్టి పిలిచాడు. కంకర మీద చాలామంది పోతుంటారు, అందరూ ఒకరికొకరు మామలే — ఎవర్ని పిలుస్తున్నాడో తెలియాలని పిలిచి ఉంటాడు. బూట్ల చప్పుడు వాడికి తెలుసు. ఆ చప్పుడు ఆగింది. ఎవరో నిలబడ్డారు. రెండుసార్లు పిలిచినా పలకలేదు... అప్పుడు లోపల వాడేమనుకున్నాడో నేను ఆలోచించకూడదనుకుంటాను. ఆలోచిస్తూనే ఉంటాను.

చావు కాగితం మీద కూడా అడ్రస్ కావాలన్నారు. మనిషి చివరిగా ఎక్కడ ఉన్నాడు అని ఒక గడి. ఖాళీగా వదిలితే శవాన్ని పంపే పని ఆలస్యమవుతుందన్నారు. ఆ రాత్రి మా ఓనరుకి ఫోన్ చేసి అడిగాను. ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"రాసుకోండమ్మా. దానికేముంది? ముందే అడగాల్సింది."

గోవిందరాజులుకి జర్మనీలో అడ్రస్ దొరికింది. మాది.

వాడి శవపెట్టె ఊరికి వెళ్ళిపోయిన ఆదివారం భోజనానికి విక్రాంత్ ఒక్కడే వచ్చాడు. అన్నం కలుపుతున్నాడు గానీ తినడం లేదు. మా ఆయన బాల్కనీలోకి వెళ్ళాక తలెత్తి అడిగాడు.

"అక్కా... ఆమె మూడోసారి పిలువదని నీకెవరు చెప్పిన్రు?"

నా చేతిలో గరిటె ఉంది. గరిటె వైపే చూశాను.

"ఇక్కడొక ముసలావిడ... బస్సులో" అన్నాను.

వాడు తలూపాడు. నమ్మాడు. నేనేం చెప్పినా నమ్ముతాడు.

ఏ ముసలావిడా లేదు. ఆ మలుపులో ఏ ఆడమనిషీ చావలేదు. రెండేళ్ళ కింద చలికాలంలో, ఇక్కడే, ఈ బల్ల దగ్గరే, పప్పుచారు వడ్డిస్తూ ఆ కథ అల్లింది నేను. పిల్లలు నల్లకోట్లు వేసుకుని, చెవుల్లో పాటలు పెట్టుకుని ఆ చీకటి మలుపు దాటుతుంటే, కార్లు ఎంత జోరుగా వస్తాయో చూసి నాకు భయమేసింది. జాగ్రత్తరా అని ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. దెయ్యం ఉందంటే విన్నారు. మూడు పిలుపుల మాట మా నాయనమ్మది, మిగతాదంతా నాది. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. నా కథ నాకే వాట్సాప్‌లో తిరిగొచ్చినప్పుడు ఎంత మురిసిపోయానో. విక్రాంత్ వణుకుతూ చెబుతుంటే నాకు నవ్వొచ్చింది అందుకే.

ఇప్పుడు కొత్తగా వచ్చిన పిల్లలు ఇంకో మాట చెప్పుకుంటున్నారు. అక్కడ పిలిచేది ఆడమనిషి కాదట. మగవాడట, తెలుగులోనే పిలుస్తాడట.

మొన్న సాయంత్రం ఎవరికీ చెప్పకుండా వెళ్ళాను. ట్రైలర్ లేదు. అది ఉన్నచోట కంకర కొంచెం తెల్లగా ఉంది. చీకటి పడేదాకా నిలబడ్డాను. ఒక్కసారి పిలిస్తే చాలు... మొదటి పిలుపుకే పలుకుదామని, వెంట వస్తే ఇంటికే తీసుకెళ్దామని నిలబడ్డాను. మా అడ్రస్ వాడిదే కదా.

ఆఖరి బస్సు వచ్చేదాకా ఉన్నాను. ఎవరూ పిలవలేదు.